చీమలు పట్టిన నేలవేము

నేలవేము సారం ఉన్న సీసాకు చీమలు పట్టాయి.

హనుమకొండలోని ఓ కాలేజీలో పొద్దున్నే లాబొరేటరీ తలుపు తీసిన కెమిస్ట్రీ లెక్చరర్ సుందర్ రావు నిలువునా నీరైపోయాడు. ఆకును స్పిరిట్‌లో నానబెట్టి, వడగట్టి, ఇంకబెట్టి తీసిన జ్వరం మందు అది. ఆ చేదు మీద ఈగ కూడా వాలదు. అనుమానంగా ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాడు. తియ్యగా ఉంది.

మధ్యాహ్నంలోగా హైదరాబాదు నుంచి ఆఫీసర్ వెంకటేశ్వర్లు వస్తాడు. ఆయనకు రిపోర్టులతో పనిలేదు. చుక్క నాకి మొహం చిట్లిస్తేనే లాబొరేటరీకి మంజూరు. లేకపోతే ఈ గదిలో విరిగిన బెంచీలు వేస్తారు.

ప్రిన్సిపాల్ సారంగపాణి అప్పటికప్పుడు విచారణ మొదలుపెట్టాడు. గదికి రెండు తాళంచెవులు. ఒకటి ఆయన బీరువాలో, రెండోది అటెండర్ దానియేలు జేబులో. దానియేలు టిఫిన్ డబ్బాలో బెల్లంముక్క దొరికింది.

"చాయ్‌లకు తెచ్చుకున్న సార్. మందుల కలిపెటోన్నయితే డబ్బాల ఎందుకు మిగులుస్త?" అన్నాడు దానియేలు.

ఏ పనీ ముట్టుకోవద్దని, సాయంత్రం మెమో ఇస్తామని చెప్పి అతన్ని స్టూలు మీద కూర్చోబెట్టారు. సుందర్ రావు గుడ్డలో వడగట్టి చీమలను తీసేశాడు గాని, తీపిని తీయలేకపోయాడు.

ఆఫీసర్ వచ్చాడు. ఒక చుక్క నాకాడు. ఇంకో చుక్క అడిగి నాకాడు. పెన్నుకు మూత పెట్టేశాడు.

"మందు చూపియ్యమంటే పానకం పోస్తాన్రేందయ్యా?"

సుందర్ రావు దిక్కులు చూశాడు. సారం ఇంకబెట్టిన గిన్నె కనబడింది. దానియేలు రోజూ పొద్దున్నే తోమేస్తాడు. ఇవాళ స్టూలు మీదే ఉన్నాడు కనుక అది తోమలేదు. అడుగున అంటుకున్న నల్లటి మడ్డిని గీకి ఇచ్చాడు. ఆఫీసర్ మెడ ఓ పక్కకు తిరిగిపోయింది. కళ్లనీళ్లతోనే సంతకం చేసి, మంచినీళ్ల కుండ ఎక్కడుందని సైగతో అడిగి బయటికి నడిచాడు.

గిన్నె తోమనందుకు గది దక్కింది, మరి దానియేలుకు మెమో దేనికి ఇస్తారని సుందర్ రావు అడిగాడు. ప్రిన్సిపాల్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మెమో వద్దు. రాత్రి పాకం పోసింది నేనే. పోయిన వారమే మా పిల్లను ఈ ఆఫీసర్ కొడుక్కు ఖాయం చేసుకున్నం. చుట్టరికం తెలిస్తే సంతకాన్ని అనుమానిస్తరని చెప్పలే, ఉత్తుత్తి విచారణ పెట్టిన. వియ్యంకుడు మొదటిసారి వస్తే నోరు తీపి చెయ్యాలె గాని, చేదెట్ల పెడ్తం? ఆఖరికి అదే పెట్టినం. ఇగ పెండ్లిల ఆయన మన బువ్వ ముడ్తడో, ఇంటికాడికెల్లి డబ్బా కట్టుకొని వస్తడో."