సెవిల్ నగరాన్ని సంపూర్ణంగా ఆస్వాదించిన విధము

స్పెయిన్ దేశపు సెవిల్ నగరాన్ని సంపూర్ణంగా ఆస్వాదించి క్షేమంగా తిరిగి వచ్చినందుకు శ్రీ జగన్మోహనరావు గారిని సింగపూర్‌లోని మా యీషున్ పేట తెలుగు విహార సంఘం గత ఆదివారం ఘనంగా సన్మానించింది. ఆస్వాదించినందుకు సన్మానమేమిటని అడిగేవారు ఆయన మోసుకెళ్లిన సామాను చూసి ఉండరు. రైస్ కుక్కరు, కందిపొడి, గోంగూర పచ్చడి, సీసాల నిండా పులిహోర పులుసు. చోటు చాలక ఆయన ప్యాంట్లు కొన్ని ఇంట్లోనే ఉండిపోయాయి. ఆ నాయకత్వంలో వెళ్లిన సభ్యులు ఒక్క పూట కూడా పరాయి మెతుకు ముట్టకుండా తిరిగొచ్చారు. సెవిల్ నుంచి ఓడలెక్కి సముద్రాలు దాటిన పాతకాలపు నావికులకు ఇంత ముందుచూపు లేకపోయింది పాపం.

శాలువా కప్పించుకున్నాక రావుగారు అక్కడి సంప్రదాయ వంటకాల గురించి ప్రసంగించారు.

"టపాస్ టపాస్ అని ఒకటే గోలండీ! తీరా చూస్తే ఇంత సాసర్లో నాలుగు ఆలివ్ కాయలు. మనం నంజుకోడానికే అంతకంటే ఎక్కువేస్తాం. రైస్ ఎప్పుడొస్తుందయ్యా అంటే, అదే భోజనం అన్నాడు!"

సభ ఆ దేశం మీద జాలితో నిట్టూర్చింది.

సింగపూర్ నాగరికతను స్పెయిన్‌కు పరిచయం చేసే ప్రయత్నం కూడా జరిగింది. మా తిండి అంగళ్లుండే హాకర్ సెంటర్లో టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేశామంటే, అంటే సీటు ఆపుకున్నామంటే, ఆ కుర్చీలో సాక్షాత్తూ దేవుడు కూడా కూర్చోడు. సెవిల్లోని ఓ పాత బార్లో మావాళ్లు కాళ్లు చాపుకోవడానికి టేబుళ్ల నిండా ప్యాకెట్లు పరిచి, ఫొటోలకు బయటికి వెళ్లారు. తిరిగొచ్చేసరికి ఊరివాళ్లు ఆ టిష్యూలతో మూతులు తుడుచుకుని, అక్కడి పాత అలవాటు ప్రకారం నేల మీద పడేసి, దాతలకు చేతులూపి కృతజ్ఞత తెలుపుతున్నారు. "అక్కడ లా అండ్ ఆర్డర్ లేదండీ!" అని రావుగారు ప్రకటించగా చప్పట్లు మోగాయి.

కళారంగాన్నీ అశ్రద్ధ చేయలేదు. చిత్రశాలలోని ప్రతి చిత్రానికీ మావాళ్లు వీపు చూపించి సెల్ఫీ దిగారు. ఆ చిత్రాల్లోని రాజులు, సాధువులు మావాళ్ల వీపులను శ్రద్ధగా పరిశీలించారని ఫొటోలే సాక్ష్యం.

ఇక హస్తకళలు. నదికి అవతల కుమ్మరుల వీధిలో ఒకామె చేత్తో పిట్టలు దిద్దుతోంది. రావుగారి శ్రీమతి సూర్యకుమారి గారు అక్కడున్న నీలిపిట్ట పళ్లెం ముందు నిలబడిపోయారు. అది కావాలని అడిగారు. రావుగారు ఫోన్ తీసి, "ఇలాంటివి ఆన్‌లైన్లో బోలెడు. పద, కుక్కర్లో బియ్యం నానబోసి వచ్చాం" అని తీర్పిచ్చారు. ఈ విషయం చెప్పినప్పుడు సభలోని భర్తలందరూ తలలూపారు.

తర్వాత విందు. సూర్యకుమారి గారు లోతైన పళ్లెం నిండా పాలకూర, శనగలు వేసిన కూర తెచ్చారు. జీలకర్ర, వెల్లుల్లి ఘుమఘుమలకు జనం ఎగబడ్డారు. రావుగారు మూడోసారి వడ్డించుకున్నారు.

"ఎంత బాగుందే సూర్యా! మీ పుట్టింటి వంటా?" అన్నారు సత్యవాణి ఆంటీ.

"కాదక్కా, సెవిల్ వంట. మీరంతా పులిహోర తిని గురకలు పెడుతుంటే నేనెళ్లి తినొచ్చాను. ఆ వీధి, ఆ రుచి... ఎంత సంతోషమేసిందో!"

దవడలు ఆగిపోయాయి. ఈ విపత్తులో నాయకుడన్నవాడు ఏంచేయాలో రావుగారికి తెలుసు. "శనగలు మనవేగా! మన దగ్గరే నేర్చుకునుంటారు" అన్నారు. తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదించబడింది, నమలడం పునఃప్రారంభమైంది. "డాడీ, జస్ట్ చిక్‌పీస్ లా, ఎవ్రీవన్ ఆల్సో ఈట్" అని వారి అమ్మాయి కీర్తిక సింగపూర్ ఇంగ్లీషులో చెప్పిన అభిప్రాయాన్ని సంఘం పరిగణనలోకి తీసుకోలేదు.

కూర తరిగేకొద్దీ పళ్లెం అడుగున ఓ నీలిపిట్ట బయటపడింది. ముందు తోక, తర్వాత రెక్క, చివరికి కన్ను. కుమ్మరి వీధిలోని ఆ పిట్టే. అందరూ గురకలు పెట్టిన ఆ మధ్యాహ్నమే కొని, ఇన్నాళ్లూ చీరల మధ్య దాచారట. ఆయన ఒక్కసారి దాన్ని కళ్లారా చూస్తే చాలని ఆమె ఈ వంటంతా పెట్టుకున్నారు.

"ఏమండీ, చూడండి" అన్నారామె.

రావుగారు చూశారు. పళ్లెం రెండు చేతులా ఎత్తి, మిగిలిన నూనె శాలువా మీద కారుతున్నా లెక్కచేయక, బోర్లించి వెనకవైపు చూశారు. ధర చీటీ లేదు. పక్కవారికి అందించారు. వారూ బోర్లించి చూసి ఆ పక్కవారికిచ్చారు. నీలిపిట్ట తలకిందులుగా హాలంతా తిరిగి సూర్యకుమారి గారి చేతికి చేరింది.

"ఇంతకీ ఎంత పెట్టావ్?" అన్నారు రావుగారు.

"చెప్పను" అని, ఆమె పిట్ట ముఖం కొంగుతో తుడిచి, పళ్లెం తీసుకుని వెళ్లిపోయారు.

కథ ఇక్కడితో అయిపోయింది. కానీ పాఠకమహాశయులు కదలడం లేదు. పిట్టది ఏ రంగో ఇప్పటికే మరిచిపోయి, ఆ పళ్లెం ఎంతకొచ్చిందో నేనైనా చెబుతానేమోనని చూస్తున్నారు.