నంబర్ వన్ వంతెన

వంతెనల శాఖ మంత్రిగారు ఆ సోమవారం చరిత్రాత్మకమైన ప్రకటన చేశారు. "ఇంటర్నెట్‌లో 'వంతెన' అని ఎవరు వెతికినా, నెల తిరిగేలోగా మన శాఖే మొదట కనపడాలి!"

చప్పట్లు మోగాయి. అప్పటికి శాఖది పధ్నాలుగో స్థానం. బొమ్మల దుకాణాలూ, ఆఖరికి పిల్లలు రంగులేసుకునే వంతెన బొమ్మ కూడా దానికంటే పైనున్నాయి.

భారమంతా వెబ్‌సైట్ చూసే కంప్యూటరమ్మ నెత్తిన పడింది. ఆవిడది కాంట్రాక్టు ఉద్యోగం, నెలాఖరుకి గడువు. ఫస్టు రాకపోతే రెన్యువల్ ఉండదని సూపరింటెండెంటు గారు చెవిన వేశారు. ఆవిడ జీతంతోనే ఇంట్లో పొయ్యి వెలుగుతోంది మరి.

"అసలీ ర్యాంకులు ఎవరేస్తారమ్మా?" అన్నారు మంత్రిగారు.

"ఒక ప్రోగ్రాం వచ్చి పేజీలన్నీ చదివి వెళ్తుంది సార్."

"ఇన్‌స్పెక్షనన్నమాట! గెస్ట్‌హౌస్ రెడీ చేయించండి."

"అది మనిషి కాదు సార్."

"అయితే మర్యాదలు ఇంకా ఘనంగా జరగాలి!"

ఎంత ముందుచూపు! తెల్లారేసరికి వెబ్‌సైట్‌కి సున్నం కొట్టినంత పని చేశారు. ఫిర్యాదుల పేజీ మూసేశారు. ప్రతి పేజీలో 'వంతెన' అన్న మాట నాలుగొందలసార్లు రాయించారు. శాఖ పదిహేడో స్థానానికి జారింది.

"పైనున్న పదహారింటినీ ట్రాన్స్‌ఫర్ చెయ్యండి!"

"అవి మనవి కావు సార్. బయటివాళ్లు పదిమంది మన పేజీని చూపించి 'ఇది చూడండి' అనాలి. మనల్ని మనమే పొగుడుకుంటే లెక్కలోకి రాదు."

"ఇదెక్కడి అన్యాయమమ్మా! ఇన్నేళ్ల రాజకీయాల్లో ఎక్కడా వినలేదే!"

గడువు ఇంకా ఐదు రోజులే ఉంది. బయటివాళ్లు మన పేజీల్లో దేన్నయినా చూపిస్తున్నారా అని కంప్యూటరమ్మ కళ్లు కాయలు కాసేలా వెతికింది. ఒక్కటంటే ఒక్కటి దొరికింది. ఏడేళ్ల కిందటిది: 'ఆరు నెలల్లో వాగు మీద వంతెన. మంత్రిగారి హామీ.' రెండు లక్షల మంది దాన్ని పడీపడీ నవ్వే బొమ్మలతో సహా ఒకరికొకరు చూపించుకున్నారు. పూర్వం ఎవరో తెలివైన అధికారి ఆ పేజీకి తాళం వేసి పోయాడు. ఆవిడ దేవుడిమీద భారం వేసి తాళం తీసింది.

నాలుగో రోజుకి శాఖ ఫస్టు!

మంత్రిగారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. విలేకరులను పిలిపించి తెర మీద వేసి చూపించారు. "రెండు లక్షల సిఫార్సులు! ఎవరికుందయ్యా ఇంత ప్రజాదరణ?" విలేకరులు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. దాన్ని కూడా ఆయన అభినందనగానే స్వీకరించారు.

తర్వాత కంప్యూటరమ్మను గదిలోకి పిలిచారు. "మనం ఇలాగే ఫస్టులో ఉండాలంటే ఏం చెయ్యాలమ్మా?"

ఆవిడ నోట అబద్ధం రాలేదు. "వంతెన కట్టకుండా ఉంటే చాలు సార్."

"ఓస్, అంతేనా! అది మన శాఖకు వెన్నతో పెట్టిన విద్య!"

సాయంత్రానికి ఆర్డరు వచ్చింది. ఆవిడ విప్పి చదివింది: 'వాగు మీద వంతెన పూర్తయ్యేవరకు వీరి సేవలు కొనసాగును.'

సూపరింటెండెంటు గారు భుజం మీదుగా తొంగిచూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ చదివారు.

"ఇంకేం తల్లీ, పర్మనెంటయిపోయావు!"