ఎనభై మంది మొద్దులు

ఆ ఉదయం తొమ్మిదింబావుకు దేశంలోని మొద్దులందరికీ ప్రాణరక్షణ లభించింది. ఇంతటి చారిత్రక ఘట్టం జరిగింది ఏ సభామందిరంలోనో కాదు, రైలు గేటు వెనకున్న ఒక చిన్న కట్టెల అడితిలో. జరిపించినవారు యంత్ర సంక్షేమ, ప్రాణరక్షణ శాఖలో సహాయ ఉప పర్యవేక్షకులు. (ఆ శాఖలో పర్యవేక్షకులు, ఉప పర్యవేక్షకులు ఇంకా నియమితులు కాలేదు. వారికి సహాయం మాత్రం ముందే మొదలైంది.) వాడిన సామగ్రి: రెండు మూరల గుడ్డ పట్టీ, ఒక కొవ్వొత్తి, కాస్త ఎర్ర లక్క.

కట్టెలు చీల్చే మిషన్ స్విచ్చు మీద లక్క ఆరేదాకా ఆయన ఉఫ్ ఉఫ్ అని ఊదుతూనే ఉన్నారు. అడితి యజమానురాలు చేతిలో సమ్మెటతో అలాగే నిలబడిపోయింది. ఊరంతా ఆవిణ్ణి కట్టెలక్క అంటుంది. ఆయన్ని సీలు సారు అంటుంది.

"సార్, ఆ మిషన్ ఏం పాపం చేసింది?"

"అది చేసిన పాపం మీరే రాసిచ్చారమ్మా," అంటూ సీలు సారు ఫోన్ ముందుకు చాపారు.

తెర మీద ఇలా ఉంది: 'దరఖాస్తుదారు తన యంత్రముతో రోజుకు ఎనభై మంది మొద్దులను నిలువునా చీల్చుచున్నట్లు స్వయముగా అంగీకరించిరి.'

కట్టెలక్క రెండుసార్లు చదివింది. "మొద్దులంటే చెట్టు మొద్దులండీ! అదిగో, ఆ పడున్నవి!"

"మరి 'మంది' అని ఎందుకుంది? కట్టెల్ని మంది అంటామా?"

"అనం."

"మంది అన్నాక మనుషులే. బుర్ర కాస్త మందంగా ఉన్నంత మాత్రాన వాళ్ళకి బతికే హక్కు లేదా అమ్మా?" ఆయన గొంతు నిజంగానే వణికింది.

"నేను 'మంది' అని రాయలేదు సార్. ఒట్టు!"

"అయితే ఎవడో చేర్చాడు. చేర్చినవాడెవడో తేలితేనే సవరణ. అంతవరకు సీలు తీస్తే అది వేరే నేరం. వాణ్ణి పట్టుకోండి. తర్వాత సంగతి నేను చూసుకుంటా. వదిలే రకం కాదు నేను."

పదమూడేళ్ళుగా కట్టెలక్క నమ్మకం ఏమిటంటే, ఈ వ్యాపారానికి కావలసినవి రంపం, సమ్మెట, ఇనుప మేకులు, కాటా, వాన పట్టాలు, ఒక తోపుడు బండి, దేవుడు చల్లగా చూస్తే ఒక చీల్చే మిషన్. అసలు పనిముట్టు ఫోన్ అని కిందటి వారమే తెలిసింది. యంత్రాలన్నీ 'యంత్రమిత్ర' యాప్‌లో నమోదు కావాలని శాఖ ఆదేశించింది. ఆవిడ రెండు గంటలు కూర్చుని నింపింది. యంత్రం తండ్రి పేరు అడిగితే 'ఇనుము' అంది. రక్తవర్గం అడిగితే 'ఇంజన్ ఆయిల్' అంది. యాప్ రెండింటికీ ఒప్పుకుంది. చేసే పని: 'మొద్దులను చీల్చడం'. రోజుకు ఎన్ని: 'ఎనభై'. అంతే. ఆ తర్వాత ఆ ఎనభై ఎక్కడెక్కడ తిరిగిందో, ఎవరి చేతుల్లో పడిందో గాని, వెంట ఒక 'మంది'ని తోడు తెచ్చుకుని వచ్చింది.

సీలు సారు స్కూటరు మలుపు తిరిగిందో లేదో ఫోన్ మోగింది. బేకరీ బాబాయ్. అడితిలో చీలే ప్రతి నాలుగు కట్టెల్లో మూడు ఆయన పొయ్యిలోకే పోతాయి.

"అమ్మాయ్, బండి ఇంకా రాలేదేం?"

"మిషన్‌కి సీలు పడింది బాబాయ్. మొద్దులు అలాగే పంపనా?"

"పొయ్యి నోట్లో పట్టొద్దూ? ఇదిగో, గ్యాసు పొయ్యి వాళ్ళు పొద్దున్నే కాగితాలతో వచ్చి నా కుర్చీల్లోనే కూర్చున్నారు. నా బన్నులే తింటున్నారు. ఐదింటికల్లా చీలికలు నా గుమ్మంలో ఉన్నాయా, వాళ్ళని లేపి పంపేస్తా. లేవా, సంతకం పెట్టేస్తా. ఒకసారి గ్యాసుకి మారాక మళ్ళీ కట్టె ముట్టుకోను. తర్వాత నన్ను అనుకుని లాభం లేదు."

కట్టెలక్క భర్త అటక మీంచి గొడ్డలి దించాడు.

"ఆ భుజంతోనా? డాక్టరు ఏమన్నాడో గుర్తుందా?"

"భుజానికి సీలు వెయ్యలేదుగా. నువ్వెళ్ళు. ఆ 'మంది' సంగతి చూసిరా."

శాఖ కార్యాలయంలో అన్నిటికన్నా చురుకైన ఉద్యోగి లౌడ్‌స్పీకరు. చీటీ పెడితే చాలు, అందులో ఉన్నది రికార్డు చేసిన ఆడగొంతుతో మూడుసార్లు చదువుతుంది. (ఎవరో తొందరలో కిరాణా చీటీ పెడితే, కందిపప్పు కిలో అని మూడుసార్లు పిలిచిందట. కందిపప్పు రాకపోయేసరికి ఫైలు మూసేశారట.)

మొదటి కౌంటరులో అమ్మాయి తల ఎత్తకుండానే అంది. "మా దగ్గరికి వచ్చేటప్పటికే 'మంది' ఉందక్కా. మేం ఉన్నది ఉన్నట్టు ఎక్కిస్తాం. ఆలోచించం."

"అసలు ఆలోచించరా?"

"ఆలోచనకి నాలుగో కౌంటరు. సెలవులో ఉన్నారు."

రెండో కౌంటరు యాప్ సందేహాలది. అక్కడి కళ్ళజోడు అబ్బాయి మర్యాదస్తుడు. "యాప్‌కి తెలుగు రాదు మేడమ్. దానికి 'మంది' అన్న ముక్కే తెలీదు. తెలుగు కలిపేది మేడ మీద."

మేడ మీద ఒకే గది. 'భాషా సవరణ విభాగం' అని బోర్డు. తలుపుకి తాళం. తాళం పక్కన చీటీ: 'ఇన్‌చార్జి తనిఖీ నిమిత్తం బయట ఉన్నారు.' గుమ్మం దగ్గర బల్ల మీద ముసలి అటెండరు టీ ఊదుకుంటున్నాడు.

"తాతా, ఈ గదిలో ఏం చేస్తారు?"

"జనం రాసే తెలుగు బాగుండదు కదమ్మా, ఇక్కడ దిద్దుతారు. అంకె కనపడితే 'మంది' తగిలించాలని మొన్న ఆదేశం వచ్చింది. ప్రజలే ప్రధానం అని కదా మన నినాదం."

"దిద్దేదెవరు?"

అటెండరు గ్లాసు కింద పెట్టాడు. "అది చెప్పకూడదమ్మా. గోప్యం. బాధ్యుల వెల్లడి ఫారం పెట్టుకో, కంప్యూటరే చెబుతుంది. ఫారం మీద సీలు సారు సంతకం కావాలి."

మెట్లు దిగుతుంటే భర్త ఫోన్ చేశాడు. రొప్పుతున్నాడు. "తొమ్మిదయ్యాయి."

"తొమ్మిది మందేనా?" అని నాలిక కరుచుకుంది కట్టెలక్క.

"నీకూ అంటుకుందే!" అని నవ్వబోయి, భుజం కలుక్కుమందేమో, అబ్బా అన్నాడు. ఆ అబ్బా విన్నాక ఆవిడకి నవ్వు రాలేదు.

సీలు సారు తనిఖీ నుంచి వచ్చి, భోజనం చేసి, భోజనం చేసినట్టు రిజిస్టరులో రాసి, తన బల్ల దగ్గరికి చేరేసరికి మూడు దాటింది. కట్టెలక్క చేతిలో ఫారం చూడగానే ఆయన ముఖం వెలిగిపోయింది.

"భేష్! నేనేం చెప్పాను? వాడెవడో ఇవాళ బయటపడాలి. సంతకం ఎక్కడ? ఇక్కడా? ఇంద. ఇంకోటి కూడా ఇంద."

"పేరు తెలిస్తే 'మంది' తీసేస్తారు కదా సార్?"

"తియ్యడం ఉండదమ్మా. రికార్డులోకి ఎక్కిన 'మంది' దిగదు. అంకె తగ్గించొచ్చు. సున్నా చెయ్యడానికి మాత్రం వీల్లేదు, మంది అన్నాక ఒక్కరైనా ఉండాలి కదా. ఎనభైని ఒకటి చేసుకుందాం. ఆ ఒక్క మొద్దు చీలకుండా క్షేమంగా ఉన్నట్టు పేరుతో సహా ధ్రువీకరిస్తే మీ మిషన్ నిర్దోషి. మైకులో చదివిన మరుక్షణం సీలు మీరే పీకెయ్యొచ్చు."

"మొద్దు అని ఒప్పుకుని పేరు ఎవరిస్తారు సార్?"

సీలు సారు కుర్చీలో వెనక్కి వాలారు. పెన్ను గాల్లో రెండుసార్లు తిప్పారు. ముఖంలో ఒక ఆలోచన పుట్టడం కట్టెలక్క కళ్ళారా చూసింది.

"ఎవరో ఎందుకు? కట్టెలకి 'మంది' తగిలించినవాడికన్నా మొద్దు ఉంటాడా? వాడి పేరే పెట్టెయ్యండి! ఈ ధ్రువీకరణ చీటీలో 'మొద్దు పేరు' అన్న చోట 'బాధ్యుల పేరు తీసుకొనుము' అని టిక్కు పెట్టండి, కంప్యూటరే నింపుకుంటుంది. నలుగురిలో వినపడితేగాని బుద్ధి రాదు వెధవకి."

"ఎందుకులెండి సార్, పాపం. పొరపాటున చేసుంటారు."

"జాలి పడకండి! నేను చెబుతున్నాగా." టిక్కు ఆయనే పెట్టారు. రెండుసార్లు దిద్ది మరీ పెట్టారు. అంతటితో ఊరుకోక, చీటీ పట్టుకుని స్వయంగా హాల్లోకి నడిచారు. బెంచీల మీదున్న జనాన్ని "అందరూ వినండి, వినండి" అని లేపి నిలబెట్టారు. మొదటి కౌంటరు అమ్మాయి తల ఎత్తింది. మేడ మెట్ల మీద అటెండరు ఎందుకో టీ గ్లాసుతో సహా వెనక్కి తిరిగాడు.

గోడ గడియారంలో మూడూ ఇరవై. కట్టెలక్క ఫోన్ చేసింది. "స్విచ్చు దగ్గర నిలబడండి. వినపడుతోందా? నిర్దోషి అనగానే సీలు పీకి నొక్కెయ్యండి."

"నిలబడ్డా," అన్నాడు భర్త. "గొడ్డలి కూడా కింద పెట్టా. ఎత్తాలన్నా ఇక చెయ్యి లేవట్లేదు."

సీలు సారు చీటీ లోపలికి తోశారు. లౌడ్‌స్పీకరు గొంతు సవరించుకుంది.

"గమనించగలరు. ఎనభై మంది మొద్దుల వ్యవహారము ముగిసినది. చీల్చు యంత్రము నిర్దోషి."

ఫోన్లో లక్క పెటిల్లుమంది, మిషన్ గుర్రుమంది. మొదటి మొద్దు ఫెళ్ళున విచ్చుకున్న చప్పుడు హాల్లో వెనక బెంచీ దాకా వినిపించింది.

సీలు సారు చేతులు కట్టుకుని, గడ్డం పైకెత్తి, చిరునవ్వుతో మిగతా దాని కోసం ఎదురుచూస్తున్నారు.

"ఫైలులో మిగిలిన మొద్దు, ఒక మంది," అంది లౌడ్‌స్పీకరు. "పేరు, సహాయ ఉప పర్యవేక్షకులు, అదనపు బాధ్యత భాషా సవరణ విభాగము. మొద్దుగారు క్షేమముగా ఉన్నారు."