మాదన్న కారుకు బోరు

కరెంటు కారు కొనదలచిన ప్రతి పౌరుడూ ముందుగా బోరు వేయించుకోవాలి. ఆస్పరి పక్క ఊరి మాదన్న కారు కొన్న తరువాత ఈ సంగతి రుజువైంది కనుక, ఆదోని, ఎమ్మిగనూరు వాసుల మేలు కోరి రాస్తున్నాను. (ఎక్కువ రాయను. మాట్లాడేదీ అంతంతే.)

మాదన్న భార్య హులిగమ్మకు రెండు కళ్ళలోనూ పొర వచ్చింది. ఆపరేషన్ చేసే డాక్టరు ఎమ్మిగనూరుకు నెలకు ఒక్క బుధవారం, పొద్దున ఎనిమిదికి వస్తాడు. మన బస్సు ఆయన వెళ్ళిపోయే వేళకు చేరుతుంది. అందుకని మాదన్న పాత కరెంటు కారు ఒకటి భార్య పేరు మీద కొన్నాడు. పాత కారు కొనేవారు రంగు చూడకండి. బ్యాటరీ నిండా ఎక్కించి, ఎమ్మిగనూరు దాకా పోయివచ్చి, ఎంత మిగిలిందో చూడండి. మాదన్న అట్లే చూశాడు. కారు మంచిది.

ఇంటి తీగే సన్నది. సన్న తీగెకు కారు తగిలిస్తే గోడ వేడెక్కుతుంది. లావు తీగెకు దరఖాస్తు పెట్టాలి, అదీ దరఖాస్తుదారు సొంత కంప్యూటరులోనే పెట్టాలి. (అద్దె కంప్యూటరులో అడిగినవారికి సొంత కరెంటు ఎట్లా ఇస్తారు?) మాదన్న ఆదోనిలో పాత కంప్యూటర్లు అమ్మే షాకిర్ దగ్గరికి పోయాడు.

"ఇది బ్యాంకులో పని చేసిన పెట్టె అన్నా," అన్నాడు షాకిర్.

"బ్యాంకులో చేసిందంటే నిదానమే కదప్పా."

"పాత డిస్కు పీకి కొత్త ఎస్‌ఎస్‌డీ ఏసినా. ఇప్పుడు సెప్పిన మాట ఎంటనే ఇంటాది."

"మా ఇంట్లో అట్లాంటోళ్ళు ఎవరూ లేరు. ఇయ్యి."

(షాకిర్ చెప్పింది నిజమే. పాత పెట్టెకు డిస్కు మార్చి, మెమరీ ఎనిమిది జీబీ చేయించుకుంటే కొత్తది అక్కర లేదు.)

దరఖాస్తులో నాలుగు గడులు ఉన్నాయి: ఇల్లు, అంగడి, మగ్గం, మోటారు. కారు లేదు. మాదన్న కనెక్షన్ల వర్గీకరణాధికారిణి సరస్వతి మేడానికి ఫోను చేశాడు.

"కార్లో మోటారు ఉందా, లేదా?" అని అడిగింది మేడం.

"ఉంది మేడం."

"మరింకేమి? మోటారు కాడ టిక్కు పెట్టు."

పెట్టాడు. మూడో రోజుకే దొడ్డిలోకి లావు తీగె వచ్చింది. సేద్యపు కరెంటు రోజుకు తొమ్మిది గంటలు, పైగా ఉచితం. మాదన్న కారుకు పసుపు పూసి, బుధవారం కోసం కాచుకున్నాడు. సోమవారం సేద్యపు మోటార్ల తనిఖీదారు హుసేనప్ప వచ్చాడు.

"మోటారు ఇదేనా?" అన్నాడు కారు చుట్టూ తిరిగి. "సీట్లు ఎందుకు?"

"కూర్చునేకి సార్."

"మోటారుకు నాలుగు చక్రములు, కూర్చొను వసతి కలదు" అని రాసుకున్నాడు. "బోరు యాడ?"

"బోరు లేదు సార్."

"బోరు లేని మోటారు దొంగ మోటారు మాదన్నా. కేసు అయితాది."

"అయితే ఇంటి కింద మార్చండి సార్."

"మార్చేకి మూడు నెలలు. బోరైతే ఒక్కరోజు పని."

మంగళవారం నీళ్ళు చూసే ఆయన అరచేతిలో టెంకాయ అడ్డంగా పెట్టుకుని దొడ్డంతా నడిచాడు. కారు పక్కకు రాగానే టెంకాయ నిటారుగా లేచి నిలబడింది. మాదన్న చేనులో నాలుగు బోర్లు వేస్తే దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఇక్కడ బోరు వేస్తే మధ్యాహ్నానికే నీళ్ళు ఇంటి మిద్దె కంటే ఎత్తుకు ఎగిశాయి. ఊరంతా ఆ నీళ్ళలో ఎగిరింది. కారు దానంతట అది కడుక్కుంది.

"తడి తగుల్తాంది, ఏమయింది?" అంది హులిగమ్మ.

"నీళ్ళు పడినాయి."

"కారుకా?"

"కారుకే."

"మొదటి బోరే కారుకు వేసింటే పోయె, చేనుకు నాలుగు ఎందుకు వేస్తివి?" అని ఆమె కడుపు పట్టుకుని నవ్వింది.

సాయంత్రం హుసేనప్ప ఫోను చేశాడు. బోరు మోటారుకు ఏడాది తనిఖీ బుధవారం పొద్దున ఎనిమిదికి. యజమానురాలు మోటారు పక్కన నిలబడి ఉండాలి. మోటారు బోరును విడిచి కదలరాదు.

"కదిల్తే ఏమయితాది సార్?"

"మోటారు దొంగతనం అయితాది. మీ మోటారును మీరే ఎత్తుకపోయినట్లు."

"రేపు ఆమెకు కంటి ఆపరేషను సార్."

"కన్ను వచ్చే నెల చేయించుకోవచ్చప్పా. తనిఖీ ఏడాదికి ఒక్కసారే."

బుధవారం ఎనిమిదికి హులిగమ్మ కారు పక్కన నిలబడింది. ఎమ్మిగనూరుకు డాక్టరు వచ్చాడు, చూశాడు, వెళ్ళిపోయాడు. హుసేనప్ప పన్నెండుకు వచ్చాడు. నీళ్ళు తాగి, బాగున్నాయని మెచ్చుకుని, ఒక కాగితం చాపాడు. హులిగమ్మ దాన్ని ముక్కు దాకా తెచ్చుకుంది.

"దీంట్ల ఏముందప్పా?"

"మా సేవతో నీకు సంతోషమని ఉందిలేమ్మా. సంతకం పెట్టు."

పెట్టింది. ఆ కాగితాన్ని చదవగలిగినవారు ఇంతవరకు ఎవరూ సంతకం పెట్టలేదట.