అనుమతి పొందిన లీకు

పట్టణ నీటి సరఫరా శాఖ పంపే నీటిలో ఈ ఏడాది నష్టమన్నదే లేదని పౌరులందరికీ సంతోషంతో తెలియజేయడమైనది. పైపులు ఎప్పటిలాగే కారుతున్నాయి, రోడ్లు ఎప్పటిలాగే తడుస్తున్నాయి. మారింది లెక్క ఒక్కటే. ఆ లెక్క కట్టిన ఇంజనీరు గురించి నాలుగు మంచి మాటలు చెప్పుకోవడం మన ధర్మం.

ఆయనది నష్టాల విభాగం. ట్యాంకు నుంచి ఎంత నీరు బయలుదేరింది, ఇళ్ల మీటర్లలో ఎంత తిరిగింది, రెండింటికీ తేడా ఎంత అని తేల్చడం ఆయన పని. మొదటి ఏడాది అనుభవం లేక నిజాయితీగా లెక్క వేశారు. బయలుదేరిన నీటిలో దాదాపు సగం దారిలోనే మాయమవుతోందని తేలింది. పెద్ద ఇంజనీరు ఆ నివేదికను కళ్లద్దాలు పెట్టుకుని ఒకసారి, తీసేసి ఒకసారి చదివారు.

"అంతా బాగానే రాశావయ్యా. మధ్యలో ఈ నష్టం అనే మాట ఎందుకు?"

"కారిపోయిన నీళ్లు సార్."

"భూమిలోకి పోతే ఎవరికీ కనబడదు. పైకొస్తే ఎవరో ఒకరు వాడుకుంటారు. ఇందులో నష్టపోయిందెవరు?"

ఇంజనీరు నివేదిక వెనక్కి తీసుకున్నారు. ఆ ఏడాది ఆయనకు ప్రమోషన్ రాలేదు.

రెండో ఏడాదికి జ్ఞానోదయమైంది. లెక్కల పట్టికలో 'మీటరు లేని అనుమతి వాడకం' అని ఒక గడి ఉంటుంది. మంటలార్పడానికి, పార్కులకు, పైపులు కడగడానికి పోయే నీరు అందులోకి వెళుతుంది. ఎవరూ కొలవరు కనుక ఆ గడిలో ఎంతైనా పడుతుంది. ఇంజనీరు కారిన నీటినంతా అటు మళ్లించారు. ఆయన లెక్క ప్రకారం, ఊరు ఊరంతా నాలుగైదుసార్లు తగలబడితే ఎంత కావాలో అంత నీరు అగ్నిమాపక దళం వాడింది. ఊళ్లో ఉన్న ఒక్క పార్కుకు రాసిన నీరు నిజంగా పోసి ఉంటే అక్కడి సిమెంటు బెంచీలు కూడా చిగురించేవి. అప్పటికీ ఇంకా మిగిలిపోతే, పెద్ద లీకులను 'ప్రజల సౌకర్యార్థం ఏర్పాటు చేసిన బహిరంగ నీటి వసతి' అని నమోదు చేశారు. నష్టం మంచులా కరిగిపోయింది. ప్రమోషన్ ఫైలు కదిలింది.

ఒక్క చిక్కు మిగిలింది. అలా నమోదైన వసతుల్లో ఒకటి ఆయన వీధి మొదట్లోనే, టైలరు దుకాణం ముందు ఉంది. ఆయన ఇల్లు వీధి చివర. నీరంతా మొదట్లోనే రోడ్డు మీదికి పొంగిపోవడంతో చివరి ఇళ్లలో కుళాయి తిప్పితే గాలి తప్ప మరేమీ రాదు. ఆయన భార్య తెల్లారగానే రెండు బకెట్లు పట్టుకుని వీధి మొదటికి వెళ్లి, సదరు వసతి గొయ్యిలోంచి చెంబుతో తోడుకుని, ఆగి ఆగి ఇంటికి మోసుకొస్తుంది. బరువులు మోయొద్దని డాక్టరు ఆమెకు గట్టిగానే చెప్పాడు.

"అల్లుడుగారూ, మీరు నీళ్లాఫీసులో పనిచేస్తారని వీధిలో ఎవరికీ చెప్పకండి. నేనూ చెప్పట్లేదు," అంది అత్తగారు.

"మీ ప్రమోషన్ సంగతి తర్వాత చూసుకుందామండీ. ముందు ఆ గొయ్యి పూడ్పించండి. నా నడుం పడిపోయేలా ఉంది," అంది భార్య.

ఆయనకు జాలేసింది. అబద్ధమెందుకు, నిజంగానే వేసింది. మర్నాడే మరమ్మతుకు సిఫారసు రాసుకుని పెద్ద ఇంజనీరు ముందు నిలబడ్డారు.

"అది లీకు కాదు కదయ్యా, ప్రజల వసతి. రాసింది నువ్వే. ఇప్పుడు మూయాలంటే ప్రజల్ని అడగాలి," అన్నారాయన.

ప్రజలను అడిగారు. వీధిలో కుర్చీలు వేసి సభ పెట్టారు. వేదిక మీద పెద్ద ఇంజనీరు, ఆయన పక్కన మన ఇంజనీరు. వీధి మొదట్లోని వాళ్లు ముందు వరుసలన్నీ ఆక్రమించారు. ఆ నీటితోనే ఒకాయన కారు కడుగుతాడు, టీ దుకాణం వాళ్లు గ్లాసులు కడుగుతారు, ఇంకొకాయన ఇంటి స్లాబు తడుపుతాడు. వారి తరఫున రిటైరైన హెడ్మాస్టరు గొంతు సవరించుకున్నారు.

"సోదరులారా, ప్రభుత్వం మనకు ఎన్నో ఇస్తానంది. అడిగి అడిగి అలిసిపోయాం. అడక్కుండా వచ్చింది ఈ లీకు ఒక్కటే. సెలవు పెట్టకుండా, సంతకం అడక్కుండా, రేపు రమ్మనకుండా పనిచేసే విభాగం మరొకటి ఉంటే చూపించండి. దీన్ని మూయడానికి మనకు మనసెలా వస్తుంది?"

చప్పట్లు మోగాయి. వసతి మూయాలనుకునేవారు చేతులెత్తవలసిందిగా పెద్ద ఇంజనీరు కోరారు. చివరి ఇళ్లవాళ్లంతా వేదిక వైపు చూశారు, నీళ్లాఫీసాయన ఎత్తితే తామూ ఎత్తుదామని. వెనక వరుసలో భార్య చెయ్యి అప్పటికే లేచి ఉంది. ఇంజనీరు చెయ్యి కూడా లేచింది. మెడ దాకా వచ్చి, అక్కడ కాస్త గోక్కుని, మళ్లీ ఒళ్లోకి దిగింది.

"ఏకగ్రీవం అని రాసుకో," అన్నారు పెద్ద ఇంజనీరు.

"ఒక చెయ్యి తేడా వస్తోంది సార్."

"కొలతల్లో ఆ మాత్రం తేడా మామూలేగా."

ఆయన రాసుకున్నారు. తల ఎత్తడానికి మాత్రం సిగ్గేసింది. మర్నాడు తెల్లారగానే భార్య మళ్లీ బకెట్లు పట్టుకుని వీధి మొదటికి బయలుదేరింది.

నెల తిరగకుండా ప్రమోషన్ వచ్చింది. ఆ వార్త మోసుకుని ఇంటికి వెళితే భార్య ఒక కాగితం చేతికిచ్చింది. చివరి ఇళ్లవాళ్లందరి సంతకాలూ ఉన్నాయి, మొదటిది ఆమెదే.

"ఉన్నది మూయడం కుదరదన్నారుగా. అయితే మన గుమ్మం ముందు కూడా ఒకచోట పగలగొట్టించండి. మీ పట్టికలో ఏ గడిలో రాయాలో కూడా కింద రాశాను, చూసుకోండి."

చూసుకున్నారు. సరైన గడే. మరుసటి వారమే మంజూరైంది. ఆమె ఇప్పుడు గడప దిగితే చాలు, నీళ్లు దొరుకుతాయి. మోత తప్పింది.

ఈ సంగతి పొక్కాక ఊళ్లో ప్రతి వీధి నుంచీ అర్జీలు వచ్చి పడుతున్నాయి. పైపు బాగుచేయమని మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. తమరి వీధి అర్జీ కూడా అందినదని తెలియజేయడమైనది. తమరి సంతకం గుర్తుపట్టాం.