ఊదారంగు గడ్డికి నా వైద్యం

ఒక పెద్ద అడవిలో గడ్డి తినడం తప్ప గడ్డి గురించి మరేమీ తెలియని గాడిద ఒకటి గడ్డి సలహాదారుగా కొలువు చేసేది. ఆ గాడిదను నేనే.

మా సింహం మహారాజుకు గోల్ఫ్ పిచ్చి. బంతిని మెల్లగా దొర్లించి గుంటలో వేసే చోటును గ్రీన్ అంటారు. అక్కడ గడ్డి చాప పరిచినంత నున్నగా ఉండాలి. దాన్ని ముప్పై ఏళ్లుగా కూర్మయ్య అనే ముసలి తాబేలు చూసుకునేవాడు. రోజూ పొద్దున్నే దాని మీద పాక్కుంటూ వెళ్లి, ఏ మూల ఏం కావాలో పొట్టతోనే తెలుసుకునేవాడు. నాకు మాత్రం కుర్చీ, బల్ల, ఒక పుస్తకం ఇచ్చారు.

ఆ ఏడు చలి ముదిరి గ్రీన్ మీద గడ్డి ఊదారంగుకు తిరిగింది. ఎండాకాలంలో పక్క అడవి పులితో పోటీ ఉంది. పరువు పోతుందని మహారాజు బెంగపడి మమ్మల్ని పిలిపించాడు.

"చలికి కందింది దొరా. ఎండ తిరిగితే అదే కోలుకుంటుంది. ఏమీ వేయొద్దు," అన్నాడు కూర్మయ్య.

నక్క సెక్రటరీ నా వైపు చూసింది. ఏమీ వేయనక్కర్లేకపోతే ఈ సలహాదారు దేనికని ఆ చూపుకు అర్థం. కొలువు పోతే మళ్లీ బట్టల మూటలు మోయాలి. ఆ వీపు నొప్పి నేనింకా మరిచిపోలేదు.

గబగబా పుస్తకం తెరిచాను. ఊదారంగు భాస్వరం లోపానికి గుర్తు అని ఉంది. చలికి కూడా అలాగే అవుతుందని తర్వాతి పేజీలో ఉండేదట. ఆ పేజీని అంతకు ముందు వారమే ఆకలేసి తినేశాను.

"భాస్వరం లోపం మహారాజా. సూపర్ ఫాస్ఫేటు ఎరువు దండిగా వేయాలి," అన్నాను. నా గొంతులో అంత ధైర్యం ఎక్కడిదో నాకే తెలియదు.

మర్నాడు మట్టి పరీక్ష చేసే పందికొక్కు రిపోర్టు పంపింది. మట్టిలో భాస్వరం కావలసినదాని కంటే ఎక్కువే ఉందట. మా ఆఫీసులో ఒక ఆచారం ఉంది. సలహా ఒకసారి ఫైలెక్కాక, దానికి అడ్డొచ్చే కాగితం ఏదైనా వస్తే 'పరిశీలించడమైనది' అని రాసి అడుగున పెడతాం. అలాగే రాసి అడుగున పెట్టాను.

కూర్మయ్య ఎరువు బస్తా ముట్టనన్నాడు. ఆజ్ఞ మీరాడని కొలువులోంచి తీసేశారు. ఆ ఉత్తర్వు మీద సంతకం నాదే. ముసలాయన గ్రీన్ దాటి వెళ్లడానికి ఒక పూట పట్టింది. చూడలేక కిటికీ మూసుకున్నాను.

ఎరువు పడింది. ఎండ కూడా తిరిగింది. గడ్డి పచ్చబడింది. నాకు పూలదండ వేశారు, దాన్ని నిలబడే తినేశాను. నెల తిరక్కుండానే మిగిలిన భాస్వరమంతా తాగి కలుపు గడ్డి గుత్తులు గుత్తులుగా లేచింది. పోటీ రోజు మహారాజు కొట్టిన బంతి గుంట దాకా బుద్ధిగా వెళ్లి, ఒక గుత్తికి తగిలి, పులి కాళ్ల దగ్గర ఆగింది. పులి నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

విచారణ సంఘం వేశారు. గడ్డి తెలిసినవాళ్లు ఇంకెవరూ లేరు కనుక అధ్యక్షుణ్ణి నేనే. తప్పు ఒప్పుకుందామని నోరు తెరిచిన ప్రతిసారీ ఓండ్రింపే వచ్చింది. చివరికి నలభై పేజీల నివేదిక రాశాను. గ్రీన్‌కు మూడేళ్లపాటు భాస్వరం వేయరాదని దాని సారాంశం. మహారాజు మెచ్చుకుని నన్ను ముఖ్య సలహాదారును చేశాడు.

ఆ నివేదికను అమలు చేయడానికి కూర్మయ్యను వెనక్కి పిలిపించాం, నా చేతి కింద. ఆయన నలభై పేజీలూ ఓపిగ్గా చదివాడు.

"ఏమీ వేయొద్దనే కదా బాబూ?"

సిగ్గుతో చచ్చిపోయాను. అవునన్నాను.

"నేను చెప్పినప్పుడు పేజీలు చాలలేదు కాబోలు," అని కలుపు పీకడానికి వెళ్లిపోయాడు.

నీతి: సరైన మాటను నష్టానికి ముందు చెబితే ధిక్కారం, నష్టం జరిగాక చెబితే పరిశోధన.