బావమరిదిని పట్టించే మిషను

ఆ ఉదయం పెట్రోలు బంకు ఓనరు వేసుకున్న పథకం చిన్నదే. కొలతల అధికారి మిషను ఉన్న వ్యానుతో వస్తాడు. పంపులు సరిగ్గానే పోస్తున్నాయని ఆ మిషను తేలుస్తుంది. పంపు తప్పు లేదని తేలాక ఇక మిగిలేది మనిషే. ఆ మనిషి రెండో పంపు దగ్గర నిలబడే బావమరిది. నేల కింది ట్యాంకులో కొన్ని నెలలుగా తరుగు కనిపిస్తోంది. అనుమానం పుట్టినవాడికి ముందు గుర్తొచ్చేది చుట్టాలే, అందులోనూ భార్య తరఫువాళ్ళు.

"ఇవాళ నీ తమ్ముడి సంగతి తేలిపోతుంది," అని భార్యతో అని మరీ గడప దాటాడు.

"తేలనివ్వండి. వాడు కాదని తేలితే?"

"తప్పు ఎవడిదైతే వాడు సాయంత్రానికి బంకులో ఉండడు. అది నా మాట."

వ్యాను వచ్చింది. అధికారి పంపుల చుట్టూ తాడు కట్టి, మొదటి పంపు గొట్టాన్ని మిషను స్టీలు పాత్రలో పెట్టి, మీట నొక్కి, చేతులు కట్టుకున్నాడు. మిషను తనంతట తానే కాసేపు మెల్లగా, కాసేపు జోరుగా పోయించుకుంది. పెట్రోలు వేడి చూసుకుంది. పంపు చెప్పిందెంత, పాత్రలో పడిందెంత అని తెర మీద పక్కపక్కనే చూపించింది. ఓనరు నోరు తెరుచుకుని దాని చుట్టూ తిరిగాడు.

"ఇది అబద్ధం చెప్పదు కదా సార్?"

"దానికి చుట్టాలు లేరండి."

బావమరిది మొహం వాడిపోయింది. "బావా, నన్ను తీసేసి దీన్ని పెట్టుకుంటున్నావా?"

"నోర్మూసుకుని నిలబడు. ఇది తేల్చేది నీ సంగతే."

"నా సంగతా? నాకు ట్యాంకెక్కడుంది బావా?"

మొదటి పంపు సరిగ్గానే ఉంది. కొలిచిన పెట్రోలును నియమం ప్రకారం మళ్ళీ ట్యాంకులోకే వదిలాడు అధికారి. తాడు అవతల కాచుకుని ఉన్న టాక్సీ డ్రైవరు కంట అదే పడింది.

"ఓరి నాయనో! మీటరు తిప్పేసి పెట్రోలు మళ్ళీ ట్యాంకులోనే పోసుకుంటున్నారు!"

పంక్చర్ల షాపతను ఆ మాట అందుకుని, కిళ్ళీకొట్టు దాకా మోసుకెళ్ళేసరికి అది నీళ్ళు కలపడం అయింది. వీధి చివరికి చేరేసరికి బంకు పేలబోతోంది. సగంమంది పారిపోయారు, మిగతా సగం చూడటానికి పరుగెత్తుకొచ్చారు. దారి నిండా బళ్ళు, హారన్లు. ఓనరు ఆయిలు డబ్బా ఎక్కి అరిచాడు.

"ఆగండి! ఈ బంకులో దొంగ ఉన్నమాట నిజమే!"

"ఒప్పుకున్నాడ్రా!" అన్నారు జనం.

"నేను కాదయ్యా! ఎవడో ఇప్పుడే మిషను చెబుతుంది!"

"మిషను మీద తోస్తున్నాడు! మా పెట్రోలు మాకు కక్కించండి!"

ఆ గోలలోనే రెండో పంపు లెక్క తెర మీద పడింది. అధికారి తల పైకెత్తాడు. "దీంట్లో తేడా ఉంది."

గోల టక్కున ఆగింది. "ఎంత తక్కువ?" అని గద్దించాడు టాక్సీ డ్రైవరు.

"తక్కువ కాదు, ఎక్కువ. ఐదు లీటర్లకు దోసెడు ఎక్కువ పోస్తోంది."

ఓనరు డబ్బా దిగాడు. "మరి నా ట్యాంకులో తరుగు?"

"వీళ్ళ బళ్ళలో ఉంది," అన్నాడు అధికారి, జనం వైపు చేయి చూపిస్తూ.

బంకు మూయించడానికొచ్చిన జనానికి ఒక్కసారిగా బంకు మీద భక్తి పుట్టింది. "ఓనరు ధర్మాత్ముడండీ," అన్నాడు పంక్చర్ల షాపతను. టాక్సీ డ్రైవరు చేతులు జోడించాడు. "పాత పంపు సార్, దాన్ని కదిలించకండి. పోనీ, సరిచేసే ముందు నా బండికొక్కదానికి పోయించండి!"

అధికారి వినలేదు. పంపు సరిచేసి, మళ్ళీ కొలిపించి, సీలు వేశాడు. "లోపల మీటరు మార్చినట్టున్నారు. మార్చాక కొలిపించాలని మార్చిన మెకానిక్ మీకు చెప్పలేదా?"

"చెప్పాడు సార్," అన్నాడు బావమరిది. "నా పంపు నాకు తెలుసు పొమ్మన్నారు."

"ఎవరు?"

ఓనరుకు ఆకాశంలో ఏదో కనిపించింది. అటే చూస్తూ నిలబడ్డాడు.

క్షమించమని అడగలేదు. అలాంటివాళ్ళు అడగరు. సాయంత్రం బంకు తాళాలు బావమరిది చేతిలో పెట్టి, తల దించుకుని ఇంటికి నడిచాడు. భార్య టీ తెచ్చి ముందు పెట్టింది. గ్లాసులో సగమే ఉంది.

"సగమేనా?"

"నిండుగానే పోశాను. అనుమానంగా ఉంటే మిషను పిలిపించండి."

ఆయన పిలిపించలేదు. తాగేశాడు.